పిట్టగోడ వెనక

గల్ఫు నుంచి వచ్చిన మనిషి ముందుగా చేయవలసిన పని ఇంటి కప్పు మార్చడం. ఈ రూలు ఎవరు పెట్టారో గాని గోదావరి నడుమ ఉన్న గుత్తులవారిలంకలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. సెంటు సీసాలు, రంగురంగుల దుప్పట్లు, టేపురికార్డరు, ఇవన్నీ నాలుగు రోజుల ముచ్చట. వాటి పంపకాలు అయిపోయాక ఊరు తలెత్తి ఆ ఇంటి చూరు వైపు చూడడం మొదలుపెడుతుంది, తాటాకు తీసి ఏం వేస్తాడా అని.

త్రిమూర్తులు మస్కట్ నుంచి తిరిగొచ్చినప్పుడు కూడా అలాగే చూసింది. అతని ఇల్లు లంక చివర కొబ్బరితోట మధ్యన ఉంది. మట్టితో కట్టిన ఇటుక గోడలు, తాతల నాటి నిట్టాడి స్తంభం, దాని మీద తాటాకు. అతను ఊళ్ళో చెప్పని సంగతి ఒకటుంది. అతను సెలవు మీద రాలేదు. కంపెనీ మూతపడి పంపించేస్తే వచ్చాడు. ఆ మాట భార్య సూర్యకాంతానికి తప్ప ఇంకో మనిషికి తెలీదు. "మళ్ళీ ప్రయాణం ఎప్పుడండీ?" అని అడిగిన వాళ్ళందరికీ "ఇల్లు పూర్తవ్వాలి కదండీ" అని చెప్పాడు. అలా చెప్పాక ఇల్లు మొదలుపెట్టక తప్పలేదు.

సలహాలకేం తక్కువ? సాయంత్రమయ్యేసరికి అతని అరుగు మీద చేరి, అతని నెత్తి మీద ఏం ఉండాలో వాళ్ళే తేల్చేవాళ్ళు. పక్క తోటలో ఉండే కనకరత్నం, వరసకి పిన్ని, తాటాకే మళ్ళీ నేయించమంది.

"ఎండాకాలం హాయిగా పడుకుంటావు అబ్బాయ్. మూడేళ్ళకోసారి నేయించుకుంటే పోయె. దానికేం రోగం?"

దానికి రోగమేం లేదు. కాని మస్కట్ వెళ్ళొచ్చి తాటాకు వేసుకున్నవాడు ఆ లంకలో ఇంతవరకు పుట్టలేదు.

పడవ నడిపే ఎర్రయ్య బంగాళా పెంకు వైపు మొగ్గాడు. "ఏటవాలుగా ఉంటదండీ, చుక్క నీరు నిలవదు. చూడ్డానిక్కూడా దర్జా" అన్నాడు. దర్జా సరే, తొంభై ఆరు తుపానుకి ఎగిరిన పెంకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ దొరకలేదని ఇంకొకరు గుర్తుచేశారు. పైగా చుట్టూ కొబ్బరిచెట్లు. కాయ రాలినప్పుడల్లా ఒక పెంకు పోతుంది. విరిగిన పెంకులు మార్చడానికే ఒక మనిషిని జీతానికి పెట్టుకోవాలి.

ఎవరో రేకుల మాట ఎత్తబోయారు. త్రిమూర్తులు వాళ్ళని సగంలోనే ఆపేశాడు.

"రేకులేంటండీ? ఇల్లా, కోళ్ళఫారమా?"

అరుగంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు.

ఇక మిగిలింది డాబా. త్రిమూర్తులు మనసులో మొదటి నుంచీ ఉన్నది అదే. అతని లెక్కలో మనుషులు ఆకు కింద పుట్టినవాళ్ళు, పెంకు కింద బతికేవాళ్ళు, శ్లాబు కింద గౌరవంగా పోయేవాళ్ళు. సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా మనిషి పేరు కన్నా ముందు "డాబా ఇల్లండీ" అన్న మాట రావడం అతను చెవులారా విన్నాడు. ఆ మాట తన గురించి వినాలని మస్కట్ ఎండలో ఇనుప చువ్వలు వంచుతూ ఎన్నిసార్లు అనుకున్నాడో.

కొత్తపేట నుంచి తాపీమేస్త్రి మోషే వచ్చాడు. గోడని గునపంతో ఒక పోటు పొడిచి, రాలిన మట్టిని చేత్తో నలిపి తల అడ్డంగా ఊపాడు.

"ఈ గోడల మీద శ్లాబు నిలవదండీ. కింద నుంచి పిల్లర్లు లేపుకు రావాలి. పిల్లర్లు లేపేక మీ దగ్గర పైకి ఏవన్నా మిగులుద్దా మరి?"

మిగలదు. త్రిమూర్తులు తెచ్చుకున్నది పిల్లర్లకి సరిపోతుంది, లేదా ఏదో ఒక కప్పుకి సరిపోతుంది. రెండింటికీ చాలదు. అతని మొహం చూసి మోషే జాలిపడ్డాడు.

"పోనీ రేకులేసేసుకోండి. చుట్టూ పిట్టగోడ ఎత్తుగా కట్టేస్తాను. కింద నుంచి చూసినోడికి డాబాయే. రోడ్ల మీద షాపులు శానా అంతేనండీ. చేతిలో డబ్బు ఆడినప్పుడు శ్లాబు ఏసుకుందురు గాని."

చెప్పినవాడు తేలిగ్గా చెప్పాడు. విన్నవాడు మాత్రం తేలిగ్గా తీసుకోలేదు.

"మెట్లు కూడా కట్టు" అన్నాడు త్రిమూర్తులు.

"మెట్లెందుకండీ? పైన ఏవీ లేదు కదా."

"డాబాకి మెట్లుంటాయి కదా."

మోషేకి నవ్వొచ్చింది. ఇంటాయన నవ్వడం లేదని చూసి అతనూ ఆపేశాడు.

సూర్యకాంతం ఒకటే మాట అంది. "రేకులైతే రేకులని చెప్పుకుంటే ఏం పోద్దండీ? మన కప్పు కింద మనం పడుకుంటాం గాని ఊరోళ్ళు పడుకుంటారా?" నీకు తెలీదులే అన్నాడు. తనకి మాత్రం ఏదో గొప్పగా తెలిసినట్టు.

అసలు కష్టం శ్లాబు రోజుది. శ్లాబు పోయడం చాటుగా అయ్యే పని కాదు. కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడు, తట్టలు మోసే ఆడవాళ్ళ వరస, తెల్లారగట్ల కొబ్బరికాయ, మధ్యాహ్నం అందరికీ భోజనాలు, అదొక చిన్న పెళ్ళి. ఆ పెళ్ళి జరగకుండా జరిగిందనిపించాలి. దానికి త్రిమూర్తులు అంతర్వేది తీర్థాన్ని ఎంచుకున్నాడు. లంకంతా పిల్లాజెల్లాతో స్వామి కల్యాణానికి వెళ్ళిపోయిన రోజుల్లో రేకులు పరదా కింద పడవ మీద వచ్చాయి. జనం తిరిగొచ్చేసరికి పిట్టగోడ లేచింది, దాని మీద ఆకుపచ్చ గీతలు పడ్డాయి, పక్కన మెట్లు నిలబడ్డాయి. మెట్ల మొదట్లో ఇనుప తలుపు, దానికి తాళం.

"మేం లేనప్పుడు శ్లాబు పోయించేసి భోజనాలు ఎగ్గొట్టేరండీ!" అని ఎర్రయ్య ఆటపట్టించాడు. త్రిమూర్తులు గృహప్రవేశానికి రెండు కూరలు ఎక్కువ చేయించి ఆ నోళ్ళు మూశాడు. ఊరు నమ్మింది. అనుమానించడానికి వాళ్ళకేం పని? పేటలో మొదటి డాబా అని వాళ్ళే నలుగురికీ చెప్పుకున్నారు.

ఇక అక్కడి నుంచి ఆ ఇంట్లో బతకడం మొదలైంది. రేకుల కింద తెల్లరంగు వేసిన సీలింగు కొట్టించాడు గాని వాన పడితే ఆ చప్పుడుని ఎవరు ఆపగలరు? మబ్బు పట్టిందంటే వచ్చిన చుట్టాన్ని తోట చూపిస్తానని బయటికి తీసుకుపోయేవాడు. బయటికి పోలేనంత వానైతే టీవీ గట్టిగా పెట్టేవాడు. ఎండాకాలం ఇల్లు కుంపటిలా ఉడికేది. "కొత్త శ్లాబు కదండీ, వేడి లాగుద్ది" అని చెప్పేవాడు. నాలుగు వైపులా పిట్టగోడ కట్టడంతో నీళ్ళు పోయే దారి సరిగా లేక, రేకు గోడకి ఆనిన చోటల్లా చెమ్మ దిగేది. సూర్యకాంతం మూలల్లో గిన్నెలు పెట్టి, తలుపు చప్పుడైతే వాటిని మంచం కిందకి తోసేది. ఆ తోసేటప్పుడు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసేది. దొంగసొత్తు దాచినట్టుందని ఒకసారి మొగుడితో అంది కూడా.

వేసవిలో కనకరత్నం వడియాల పిండి గిన్నె పట్టుకుని వచ్చింది. "నీ డాబా మీద పెట్టుకుంటాను అబ్బాయ్, మా వాకిట్లో నీడ" అంది. మరకలు పడతాయన్నాడు. ఎర్రయ్య కొబ్బరి ఆరబెట్టుకుంటానన్నాడు. కాకులొస్తాయన్నాడు. పిల్లలు గాలిపటం ఎగరేస్తామంటే పడిపోతారన్నాడు. డాబా కట్టేక కళ్ళు నెత్తికెక్కేయని లంకంతా అనుకుంది. అతని చెవిన పడేలాగే అనుకుంది. అతనికి బాధగానే ఉండేది, కాని ఆ బాధలో ఒక నిశ్చింత కూడా ఉండేది. గర్వం అనుకుంటే గౌరవానికి లోటు లేదు. రేకులని తెలిస్తేనే లోటు. ఆ తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని, స్నానానికి కూడా విప్పకుండా తిరిగాడు.

2006 ఆగస్టులో గోదావరి పెరిగింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారని పొద్దున్నే రేడియోలో చెప్పారు. వరద లంకకి కొత్త కాదు. ఎర్రనీళ్ళు తోటల్లోకి వస్తాయి, గుమ్మాల ముందు నిలబడతాయి, బురద వదిలి వెళ్ళిపోతాయి. ఎప్పుడైనా గుమ్మం దాటితే, అప్పటికి లంకలో ఒక పద్ధతి ఉంది. ఎనభై ఆరు వరద నాటి నుంచీ ఉంది. దగ్గర్లో డాబా ఎవరికుంటే వాళ్ళింటికి వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు మెట్ల తలుపు తీసి, పైన పరదా కట్టి, గంజి కాచి పోయాలి. ఇందులో అడగడం, బతిమాలడం ఉండవు. ఎంత పగవాడైనా ఆ రోజు తలుపు తీయాల్సిందే.

పిట్టగోడ ఎంత ఎత్తుండాలో త్రిమూర్తులు ఆలోచించాడు. మెట్లకి ఏ రంగు బాగుంటుందో ఆలోచించాడు. లంకలో పుట్టి, ఈ వరద నీళ్ళలోనే ఈత నేర్చుకున్న మనిషి వరద సంగతి మాత్రం ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి ముందే ప్రభుత్వం వాళ్ళ లాంచీ వచ్చింది. ఒకటే లాంచీ, ఖాళీ చేయించాల్సిన పేటలు రెండు. దిగువ పేట అప్పటికే నడుంలోతు నీళ్ళలో ఉంది. లాంచీలో ఉన్న ఉద్యోగి గట్టు మీద చేరిన జనాన్ని అడిగాడు.

"ఈ పేటలో డాబా ఉందాండీ?"

అందరి తలలూ ఒక్కసారి త్రిమూర్తులు వైపు తిరిగాయి. నిన్నటిదాకా కళ్ళు నెత్తికెక్కాయని తిట్టినవాళ్ళే, ఇప్పుడు తమ సొంత డాబా అన్నట్టు సంబరంగా చూశారు.

"ఉందండీ! మా త్రిమూర్తులు గారిది. మెట్లతో సహా ఉందండీ" అన్నాడు ఎర్రయ్య.

"ఏవండీ, వీళ్ళందరినీ ఎక్కించుకుంటారా? అలాగైతే మేం ముందు దిగువ పేటకి వెళ్తాం."

కాస్త దూరంలో సూర్యకాంతం నిలబడి మొగుడి మొహం వైపే చూస్తోంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. నాది డాబా కాదండీ అంటే చాలు. త్రిమూర్తులు నోరు తెరిచాడు. ఎదురుగా అన్ని మొహాలు.

"ఆయ్" అన్నాడు.

లాంచీ మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచీ అతను పెరట్లో పుల్లలు గుచ్చుతూ తిరిగాడు. నీళ్ళు పుల్ల దాటగానే ఇంకొంచెం పైన ఇంకొకటి. దేవుడికి మొక్కుకున్నాడు కూడా. అందరినీ కాపాడమని కాదు, నీళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోవాలని. ఆగిపోతే ఎవరూ మెట్లెక్కక్కర్లేదు. తను ఏం మొక్కుకుంటున్నాడో తనకే తెలిసి ఒళ్ళు చచ్చినట్టయింది. అయినా మొక్కు మార్చుకోలేదు.

"ఎర్రయ్యన్నని పంపండి. లాంచీని వెనక్కి రమ్మనండి. ఇంకా వెలుగుంది" అంది సూర్యకాంతం.

"ఏమని పిలవమంటావే?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"కాసేపు చూద్దాం."

ఆ కాసేపట్లో నీళ్ళు గుమ్మం దాటాయి.

జనం రావడం మొదలైంది. కనకరత్నం కోడిపెట్టని బుట్టలో పెట్టుకుని వచ్చింది. పురిటికి పుట్టింటికొచ్చిన ఎర్రయ్య కూతురు తులసి, పసిగుడ్డుని పాతచీరలో చుట్టి గుండెకి హత్తుకుని వచ్చింది. వెనకే మిగతావాళ్ళు, బియ్యం మూటలతో, దుప్పట్లతో. అందరూ మెట్ల ముందు నిలబడ్డారు. ఎవరూ తోసుకోలేదు.

"తాళం తీయండి త్రిమూర్తులు గారూ" అన్నాడు ఎర్రయ్య.

"ఎక్కడ పెట్టేనో, ఉండండి" అని త్రిమూర్తులు ఇంట్లోకి వెళ్ళాడు. మంచం కింద వెతికాడు. తేలుతున్న డబ్బాలు తీసి చూశాడు. దేవుడి గూట్లో చెయ్యి పెట్టాడు. వెతకడానికి వంగినప్పుడల్లా తాళంచెవి పొట్టకి గుచ్చుకుంటూనే ఉంది. బయట జనం మోకాటిలోతు నీళ్ళలో మర్యాదగా కాచుకుని ఉన్నారు.

"పగలగొట్టేద్దామాండీ?" అని ఎర్రయ్య కేకేశాడు.

"వద్దొద్దు. ఇక్కడే ఎక్కడో ఉంటది."

తులసి చేతుల్లో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. సూర్యకాంతం నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి మెట్ల ముందు నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు.

"తాళం ఆయన మొలతాడుకే ఉంది ఎర్రయ్యన్నా. తీసినా లాభం లేదు. పైన శ్లాబు లేదు. రేకులు."

గుమ్మంలో ఉన్న త్రిమూర్తులు "ఉష్" అన్నాడు. అన్నీ అయిపోయాక కూడా అన్నాడు. ఆ "ఉష్" అందరికీ వినబడింది.

జనం తలెత్తి పిట్టగోడని చూశారు. ఆకుపచ్చ గీతలు, వాటి పైన ఆకాశం. ఎర్రయ్య కూతురి వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు, మళ్ళీ త్రిమూర్తులు వైపు చూశాడు. కొట్టినా బాగుండేది. ఎర్రయ్య పంచె ఎగ్గట్టి, "నే ఎళ్ళి లాంచీని తీసుకొస్తానండీ. మీరు కంగారు పడకండి" అని ఆ ఉరవడిలో జనాన్ని ఎక్కించలేని తన చిన్న పడవ వైపు ఈదినట్టే పరిగెత్తాడు. మీరు కంగారు పడకండి అన్నది త్రిమూర్తులుతోనే.

త్రిమూర్తులు అందరి ముందూ చొక్కా ఎత్తి మొలతాడు నుంచి తాళంచెవి విప్పబోయాడు. తడిసిన ముడి రాలేదు. సూర్యకాంతమే విప్పింది. ఆడవాళ్ళు, పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చున్నారు. తులసి అన్నిటికన్నా పై మెట్టు మీద, పిట్టగోడ పక్కన కూర్చుని అవతలికి తొంగిచూసింది. రేకుల మీద కుళ్ళిన కొబ్బరి మట్టలు, నిలవనీరు, పాచి. ఆ పిల్ల చటుక్కున మొహం ఇటు తిప్పుకుంది, చూడకూడనిది చూసినట్టు. మగవాళ్ళు కింద నీళ్ళలో మెట్లని పట్టుకుని నిలబడ్డారు. త్రిమూర్తులు అందరికన్నా చివర, నడుంలోతులో నిలబడ్డాడు. తలెత్తలేదు.

సరిగ్గా అతని తల పైన మెట్టు మీద కనకరత్నం ఉంది. ఆవిడ వంగి మెల్లగా అంది.

"అబ్బాయ్, నేను నిన్ను శానా మాటలన్నాను. గర్వం పట్టిందని ఇంటింటికీ చెప్పేను. ఇలా ఇబ్బందిలో ఉన్నావని తెలీదు. ఏవనుకోకు నాయనా."

తిడితే భరించేవాడు. ఊళ్ళో నుంచి పొమ్మన్నా పోయేవాడు. అంత ముసలావిడ, తన మాట నమ్మి మెట్ల మీద చిక్కుకుపోయినావిడ, తనని క్షమించమని అడుగుతుంటే అతనికి ఆ ఎర్రనీళ్ళలో మునిగిపోతే బాగుండుననిపించింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి ధైర్యం లేక అలాగే నిలబడ్డాడు.

చీకటి పడేలోపే లాంచీ వచ్చింది. ఎర్రయ్య పడవ దాని వెనక తాడుతో కట్టి ఉంది. అందరినీ ఎక్కించుకుంది, కోడిపెట్టతో సహా. త్రిమూర్తులు చివర ఎక్కాడు. చోటు లేదేమోనని అంచున నిలబడబోతే ఎవరో జరిగి పక్కన కూర్చోబెట్టారు. ఎవరో అతను చూడలేదు.

పి.గన్నవరంలో బడి వరండాలో భోజనాలు పెడుతున్నారు. రెండు మూడు లంకల వాళ్ళు వరసల్లో నిలబడి ఉన్నారు. పెద్ద గంగాళం ముందు ఒకాయన గరిటతో పులిహోర వడ్డిస్తూ వచ్చిన ప్రతివాళ్ళనీ ఏ ఊరని పలకరిస్తున్నాడు. కనకరత్నం తన లంక పేరు చెప్పింది.

"మీ పేటలో డాబా ఉందని చెప్పేరే లాంచీ వాళ్ళు? మీరూ వచ్చేసేరా?"

కనకరత్నం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఉందండీ. మా అబ్బాయిదే. నీళ్ళే మరీ ఎక్కువొచ్చేసేయి."

ఆవిడ వెనక ఎర్రయ్య "ఆయ్" అన్నాడు. తులసి తల ఊపింది. వరసలో ఆ పేటవాళ్ళెవరూ కాదనలేదు. త్రిమూర్తులు అబద్ధాన్ని అందరూ కలిసి ఎత్తుకుని మోస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే, అతని పరువు కోసం. చేతిలో విస్తరాకు పట్టుకుని ఎర్రయ్య వెనక నిలబడి అతను ఇదంతా విన్నాడు. ఊరుకుంటే సరిపోయేది. ఆ అబద్ధం ఇంక అతనొక్కడిదే కాదు, ఊరిది అయిపోయేది. ఊరంతా కలిసి చెబితే ఎవరు కాదంటారు?

సూర్యకాంతం అతని వైపు చూడలేదు. ఈసారి చూడడం మానేసింది.

"లేదండీ" అన్నాడు త్రిమూర్తులు. ముందున్న ఎర్రయ్యకి కూడా వినబడలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి వరండా చివరిదాకా వినబడేంత గట్టిగా. "డాబా లేదండీ. ఆ ఇల్లు నాదే. రేకులిల్లండీ. డాబా అని అబద్ధం చెప్పేనండీ."

కనకరత్నం గభాలున వెనక్కి తిరిగింది. ఎర్రయ్య తల దించుకున్నాడు. వడ్డించే ఆయన గరిట ఆపి త్రిమూర్తుల్ని ఎగాదిగా చూశాడు, ఈ మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో అర్థంకాక.

"రేకులా? మాదీ రేకులేనండీ" అన్నాడు. "విస్తరి కాస్త ఇటు పట్టండి, వెనకాల శానా మంది ఉన్నారు."

అంతే. రేకులన్న మాటకి లోకంలో అంతకన్నా విలువ లేదు. దీనికోసం పసిగుడ్డుని నీళ్ళలో నిలబెట్టానా అనుకుంటే, మెట్ల కింద కలిగిన సిగ్గు కూడా ఇప్పటి సిగ్గు ముందు చిన్నదైపోయింది. విస్తరి ముందుకు పట్టాడు. పులిహోర పడింది. వెనకవాళ్ళు జరగమంటే పక్కకి జరిగాడు.